గీత పడని డాష్‌బోర్డు

"మోసం చెయ్యని బాడీ షాపు ఒకటి చెప్పండి. కారుకి సొట్టలు తీయించి రంగు వేయించాలి" అంది ఆమె, కుర్చీలో పూర్తిగా కూర్చోకముందే.

మాస్టారు పెన్సిలు చెక్కడం ఆపి తలెత్తారు. దారి తప్పి వచ్చిందేమో అనుకున్నారు. కింద టైర్ల దుకాణం ఉంది. అక్కడికని బయలుదేరి, బోర్డు చదవకుండా మెట్లెక్కి వచ్చేవాళ్లు లేకపోలేదు. కానీ ఆమె గోడ మీది 'ప్రైవేటు పరిశోధన' అన్న అక్షరాలను తాపీగా చదివి మరీ వాటి కింద కూర్చుంది. ఇస్త్రీ చేసిన బట్టలు, నున్నగా దువ్విన జుట్టు, అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ముఖం మాత్రం ఎవరో తెచ్చి అక్కడ పెట్టి మరిచిపోయినట్టుంది.

"షెడ్లు చెప్పడం మా పని కాదమ్మా" అన్నారు మాస్టారు మెల్లగా.

"తెలుసండీ. మా వాళ్లు ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ఒక్కరూ నా ముఖం చూసి చెప్పలేదు. నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను, రోజంతా మనుషుల కళ్లే చూస్తాను. అందుకే మీ దగ్గరికి వచ్చాను."

కిటికీ దగ్గర నిలబడ్డ లాయరమ్మ ఇటు తిరిగింది. ఆమె లా చదివింది కానీ ఒక్కనాడూ కోర్టులో నోరు విప్పలేదు. నోరు మూసుకుని వింటేనే ఎక్కువ తెలుస్తుందని ఆమె నమ్మకం. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరై, ఖాళీ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక ఈ ఆఫీసులో చేరిన మాస్టారుకి, ఆమె వినే తీరు చూడటమే పెద్ద వేడుక.

"కారుకి ఏమైంది?" అంది లాయరమ్మ.

"స్తంభానికి గుద్దాను. పక్కన కూర్చున్న మా ఆయన పోయారు."

దుకాణం చిరునామా చెప్పినట్టు చెప్పింది. మాస్టారు చేతిలో పెన్సిలు జారి బల్ల కిందికి దొర్లింది. వంగి తీసుకోవడానికి కూడా ఆయనకు బుద్ధి పుట్టలేదు.

లాయరమ్మ ఒక్కొక్కటే అడిగింది, ఆమె ఒక్కొక్కటే చెప్పింది. సాయంత్రం, సన్నగా వాన. చుట్టాలింటి నుంచి తిరిగి వస్తున్నారు. కుక్క అడ్డం వచ్చింది. స్టీరింగు తిప్పింది. పెద్ద వేగమేమీ లేదు. తన ఎదుట ఎయిర్‌బ్యాగ్ ఉబ్బి ముఖానికి తగిలింది, ముక్కు మీద చిన్న గీరుకుపోయిన గుర్తుతో బయటపడింది. ఆయన వైపు బ్యాగు తెరుచుకోలేదు. పొడుగు మనిషి. బెల్టు పెట్టుకునే ఉన్నారు, కానీ తల వెళ్లి అద్దం పక్కన ఉన్న కమ్మీకి కొట్టుకుంది.

"ఒక్కోసారి అలా తెరుచుకోకపోవడం ఉంటుందన్నారు అందరూ."

"బండిలో ఇంకెవరైనా ఉన్నారా?"

"మా మరిది, వెనక సీట్లో. అతనికి దెబ్బ తగల్లేదు. ఆ రోజు మా ఆయనకి నిద్ర ముంచుకొస్తోంది. 'నువ్వు ముందు కూర్చోరా, నేను వెనక కాసేపు నడుం వాలుస్తా' అన్నారు. మరిది కాళ్లు నొప్పులన్నాడు. అతనెప్పుడూ వెనకే కూర్చుంటాడు. వాళ్లన్నయ్య ఒక్కడే నడుపుతున్నా సరే, వెనకే. 'దొరగారు' అని ఏడిపించేవారు ఈయన. ఆ రోజూ అదే మాట అని, నవ్వి, ముందు ఎక్కారు."

"ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు?"

"స్టీరింగు తిప్పకుండా ఉండాల్సిందని. నిజమే, నేనే తిప్పాను." కొంచెం ఆగింది. "నాకు ఇంతవరకూ ఏడుపు రాలేదండీ. ఏమీ అనిపించడం లేదు. తింటున్నాను, పడుకుంటున్నాను, షాపుకి వెళ్తున్నాను. ఆ బండి బాగుచేయించి మళ్లీ నడపాలి. అప్పుడైనా ఏమైనా అనిపిస్తుందేమో చూడాలి."

"ముగ్గురూ ఏమి చెప్పారు?"

"మా నాన్న కంపెనీ వర్క్‌షాపుకే పంపమన్నారు. మా ఆడపడుచు వంతెన కింది షెడ్డు అంది. మరిది అసలు బాగుచేయించొద్దు, తుక్కుకి ఇచ్చేద్దాం అన్నాడు."

లాయరమ్మ చెప్పుల్లో కాళ్లు దూర్చింది. "పదండి మాస్టారూ, బండి చూద్దాం."

*

కారు ఇంటి ముందు రేకుల కింద ఉంది. ముందు భాగం ఒక పక్కకి నొక్కుకుపోయి, దవడ వాచిన మనిషిలా కనిపించింది. మాస్టారు కాగితాలు తీసి బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. ఫొటోలో అన్నీ పడతాయి, బొమ్మలో చూసినవే పడతాయి, అందుకే బొమ్మ కావాలి అంటుంది లాయరమ్మ.

ఆమె వంకరపోయిన బానెట్‌ను కాస్త ఎత్తి, అంచున ఉన్న రబ్బరు పట్టీని గోటితో లాగింది. దాని కింద ఇనుము మీద ఒక రంగు, పట్టీ అంచు మీద చిందినట్టు ఇంకో రంగు. రెండూ నీలమే, కానీ అక్కచెల్లెళ్లలా ఉన్నాయి తప్ప కవలల్లా లేవు.

"ఇంతకుముందు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?"

"లేదండీ. కొన్నప్పటి నుంచి ఇదే మొదటిది."

లాయరమ్మ లోపలికి ఎక్కింది. డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజను పలకలేదు కానీ స్టీరింగు వెనక దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. "ఇవి వేయండి మాస్టారూ, ఒక్కటి కూడా వదలకుండా." మాస్టారు నూనె డబ్బా గుర్తు, బ్యాటరీ గుర్తు, బెల్టు గుర్తు అన్నీ ఉన్నవున్నట్టు వేశారు.

తర్వాత ఆమె పక్క సీటు ఎదుటి డాష్‌బోర్డు మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా ఆ చివరి నుంచి ఈ చివరికి జరిపింది. "మీరూ చూడండి."

చూపుకి తేడా లేదు. చేతికి మాత్రం ఒక సగం గరుకుగా, ఒక సగం నున్నగా తగిలింది. ఎక్కడా చీలిక లేదు, సొట్ట లేదు, గీత అయినా పడలేదు.

ఇంతలో ఆడపడుచు వచ్చింది. బేకరీ నడుపుతుంది, రొట్టెల వ్యాను తనే తోలుకుంటుంది. గొంతు కూడా వ్యాను హారన్‌లాగే ఉంటుంది.

"డిటెక్టివులా? దీనికా? చోద్యం కాకపోతే! వంతెన కింద ఇస్తే చాలు, బ్రహ్మాండంగా చేస్తారు. నా వ్యాను తలుపు కొత్తదానిలా చేసిచ్చారు."

"ఆ షెడ్డు మీకు ఎవరు చెప్పారండీ?"

"మా తమ్ముడే, చిన్నోడు. ఇప్పుడేమో వాడే వద్దంటున్నాడు. వాడి మాటకి తలా తోకా ఉండదు."

"వీళ్లు ఊరెళ్లినప్పుడు ఈ కారు తాళాలు ఎవరి దగ్గర ఉండేవి?"

"మా ఇంట్లోనే, నేనూ చిన్నోడూ ఉండే చోట, మేకుకి వేలాడుతూ ఉండేవి. పోయినేడు పెద్ద తమ్ముడు సర్వే పని మీద రైల్లో వెళ్తే ఈ అమ్మాయి కూడా వెళ్లింది. చాలా రోజులే ఉన్నారు. నేను బేకరీకి పోతే రాత్రికి గానీ ఇల్లు చేరను, కారు జోలికి పోలేదు." ఆమె గొంతు తగ్గింది. "వాళ్లు వచ్చాక ఆదివారాలు ఈ బండిలోనే మార్కెట్టుకి వెళ్లేవాళ్లం, నేనూ తమ్ముడూ. ముందు సీటు నాదే. వాడి బుర్ర తినేసేదాన్ని. ఇప్పుడు ఎవరి బుర్ర తినను?"

కళ్లజోళ్లావిడ ఆమెకు మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చి, మళ్లీ తన చోటుకి వెళ్లి నిలబడింది.

సాయంత్రానికి మరిది వచ్చాడు. టైల్స్ షోరూంలో పని. చేతిలో క్యారియరు. అన్న పోయినప్పటి నుంచి వదినకు రోజూ అతనే భోజనం తెస్తున్నాడట. మనిషి సగమైపోయాడు, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. అతన్ని చూస్తే మాస్టారుకి జాలేసింది.

"తుక్కుకి ఎందుకు ఇవ్వమంటున్నారు?" అంది లాయరమ్మ.

"దాన్ని చూస్తూ వదిన ఎలా బతుకుతుంది మేడమ్? కళ్లముందు లేకపోతే కొంచెం నయం కదా."

"మీకు కారు నడపడం వచ్చా?"

"లైసెన్సుంది. అలవాటు తప్పింది. ఇప్పుడు బండి ముట్టుకోను."

కళ్లజోళ్లావిడ తండ్రి రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. వేరే ఊరి నుంచి ప్రమాదం జరిగాకే వచ్చారు. "కంపెనీ వాడైతే అడగడానికి ఒక ఆఫీసు అంటూ ఉంటుంది" అన్నారు. కూతురి వైపు చూడకుండా చెప్పడానికి కారణం కూడా ఆయనే చెప్పారు. "దాన్ని చూస్తే నాకు ఏడుపొస్తుందమ్మా. అది ఏడవకపోతే నేనెలా ఏడ్చేది?"

తిరుగుదారిలో మాస్టారు ఉండబట్టలేకపోయారు. "ఆడపడుచే! తాళాలు ఆవిడ ఇంట్లో, డ్రైవింగు వచ్చు, వంతెన కింది షెడ్డు కోసం పట్టుబడుతోంది."

"బాగుంది. ఇంకొంచెం ఆలోచించండి" అంది లాయరమ్మ. అలా అందంటే తను తప్పని మాస్టారుకి తెలుసు. ఎక్కడ తప్పో మాత్రం తెలియలేదు.

*

మర్నాడు కారుని లాగే బండికి కట్టించి షెడ్లకు తిప్పారు. కళ్లజోళ్లావిడ కూడా వచ్చింది. ఎక్కడికి వెళ్లినా లాయరమ్మ ఒకటే అడిగింది: "బండి విప్పేటప్పుడు మేము పక్కన ఉండొచ్చా?"

కంపెనీ వర్క్‌షాపులో గాజుగోడ, చల్లగాలి, మెత్తని సోఫాలు. కౌంటరులో ఉన్నాయన వినయంగానే చెప్పాడు. లోపలికి కస్టమర్లను రానివ్వరు, రూలు. బయటికి వచ్చే ముందు లాయరమ్మ, అమ్మకానికి పెట్టిన అదే మోడలు కారులో కూర్చుని తాళం తిప్పింది. దీపాలు వెలిగాయి. "మీ బొమ్మ తీయండి మాస్టారూ. పోల్చి చూడండి."

మాస్టారు పోల్చారు. కొత్త కారులో ఒక గుర్తు ఎక్కువ వెలిగింది. సీట్లో కూర్చున్న మనిషి, ఎదురుగా ఒక గుండ్రని బుడగ. కాసేపటికి ఆరిపోయింది.

"నేను వదిలేశానా?" అన్నారు మాస్టారు బెంగగా.

"మీరు వదలరు. అక్కడ వెలగలేదు."

వంతెన కింది షెడ్డు యజమాని నవ్వుముఖం వాడు. అందరికీ కుర్చీలు వేయించాడు. కారు చుట్టూ తిరిగాడు. బానెట్ ఎత్తకుండానే, "వదిలేసి వెళ్లండి, కొత్త పెళ్లికూతురిలా చేసి పంపిస్తా. ముందు పార్టులన్నీ మార్చేస్తా, డాష్‌బోర్డుతో సహా. మీరు పక్కన కూర్చుని దుమ్ము మింగడం ఎందుకు?" అన్నాడు.

"అలాగే, ఆలోచించుకుని చెప్తాం" అంది లాయరమ్మ.

మూడో షెడ్డు ఎవరూ చెప్పింది కాదు. లాయరమ్మ దారిలో చూసి ఆపించింది. ముందు బోర్డు మీద సగం అక్షరాలు వెలిసిపోయాయి. కానీ లోపల ప్రతి బండి పక్కా ఒక డబ్బా, అందులో ఆ బండి నుంచి తీసిన పాత సామాను ఉంది. యజమాని చిరాకు మనిషి. విసుక్కోకుండా ఒక్క మాట కూడా అనడు.

"పక్కన ఉంటారా? ఉండండి, నాకేం? టీ మాత్రం మీరే తెచ్చుకోండి. నా పాత ముక్కలు నాకిచ్చెయ్ అని రేపు గొడవ పడొద్దు, మీవి మీరే మోసుకుపోవాలి. విప్పితే గానీ ఏమి చెయ్యాలో చెప్పను. విప్పకుండా చెప్పేవాడి దగ్గరికి వెళ్తారా, వెళ్లండి."

లాయరమ్మ కళ్లజోళ్లావిడ వైపు చూసింది. "మీరడిగిన షెడ్డు దొరికింది. కానీ విప్పే ముందు మీ వాళ్లందరినీ ఇక్కడికి పిలవాలి. వంతెన కింది ఆయన్ని కూడా."

*

అందరూ వచ్చారు. నవ్వుముఖం ఆయన, ఒక బండి గురించి సలహా కావాలంటే వచ్చాడు. లోపలున్న నీలం కారుని చూశాక అతని ముఖంలో నవ్వు ఉంది కానీ దాని పని అది చెయ్యడం మానేసింది.

"పక్క సీటు ఎదుటిది విప్పండి" అంది లాయరమ్మ.

చిరాకు మనిషి గొణుక్కుంటూనే మరలు ఊడదీశాడు. మూత చేతిలోకి వచ్చింది. లోపల ఎయిర్‌బ్యాగ్ ఉండాల్సిన గూట్లో పాత సీటు స్పాంజి ముక్కలు కుక్కి ఉన్నాయి. ఆయన గొణుగుడు ఆగిపోయింది.

కళ్లజోళ్లావిడ తండ్రి నెమ్మదిగా ఒక స్టూలు మీద కూర్చుండిపోయారు.

"ఇది తెరుచుకోకపోవడం కాదు. ఇక్కడ బ్యాగే లేదు" అంది లాయరమ్మ. "ఈ బండికి ఇదివరకే ఒకసారి గట్టి దెబ్బ తగిలింది. బానెట్ పట్టీ దగ్గర రెండు రంగులున్నాయి. అప్పుడు రెండు బ్యాగులూ తెరుచుకుని ఉంటాయి. స్టీరింగులోది మార్చారు. ఇక్కడ మాత్రం స్పాంజి కుక్కి, పైన వేరే మూత అతికించారు. అందుకే డాష్‌బోర్డు ఒక సగం గరుకు, ఒక సగం నునుపు. బ్యాగు లేకపోతే బుడగ గుర్తు దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. అది వెలగకుండా కప్పేశారు. కొత్త బండిలో ఉన్న దీపం మాస్టారు బొమ్మలో లేదు."

"మీ షెడ్డులో జరిగిందని ఎవరన్నారు?" అన్నాడు నవ్వుముఖం ఆయన. నిజానికి ఎవరూ అనలేదు.

"ఎవరూ అనలేదండీ, మీరే అంటున్నారు" అంది లాయరమ్మ. "ఈ డాష్‌బోర్డు మీద గీత కూడా పడలేదు. బానెట్ అయినా ఎత్తకుండా, దీన్ని మారుస్తానని మీరెందుకన్నారు?"

ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"దెబ్బ తగిలింది వీళ్లు ఊళ్లో లేనప్పుడు. తాళాలు మేకుకి ఉన్నాయి. ఆ ఇంట్లో బండి నడపగలిగినవాళ్లు ఇద్దరు. వారిలో ఒకరు తర్వాత ప్రతి ఆదివారం ఈ ముందు సీట్లోనే కూర్చుని కబుర్లు చెప్పారు. లోపల ఏముందో తెలిసినవాళ్లు అలా కూర్చోరు." లాయరమ్మ గొంతు పెంచలేదు. "రెండో మనిషి అప్పటి నుంచీ ఒక్కసారి కూడా ముందు కూర్చోలేదు. అన్న బతిమాలిన రోజు కూడా."

మరిది క్యారియరుతోనే వచ్చాడు. దాన్ని కింద పెట్టాలని చూశాడు. పెట్టడానికి చోటు దొరకనట్టు అటూ ఇటూ తిరిగాడు.

"ఒరేయ్" అంది అతని అక్క. ఆ గొంతులో హారన్ లేదు. "లేదని చెప్పరా."

"గోడకి గుద్దానక్కా" అన్నాడు. "ఊరికే, సరదాగా తీశాను. అన్నయ్య వచ్చేలోగా చేయించేద్దామనుకున్నా. ఈయన ఒక బ్యాగే దొరికింది, రెండోది తెప్పిస్తా, మళ్లీ తీసుకురా అన్నాడు."

"రమ్మన్నాను, అయ్యగారే రాలేదు!" అన్నాడు నవ్వుముఖం ఆయన.

"స్పాంజి ఎవరు కుక్కారు?" అన్నాడు చిరాకు మనిషి. నవ్వుముఖం ఆయన గేటు వైపు చూశాడు.

"మళ్లీ తీసుకెళ్లాలంటే అన్నయ్యకి చెప్పాలి. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నా. దీపం కనిపిస్తే అడుగుతాడని, నల్ల టేపు వెయ్యమన్నది నేనే." అతను వదిన వైపు చూశాడు. చూడగలిగినంతసేపు చూశాడు. "ఆ రోజు నిజంగా కాళ్లు నొప్పులు లేవు వదినా. భయమేసింది, అంతే. ఇంత దగ్గరే కదా, ఏమవుతుందిలే అనుకున్నా."

అక్క చెయ్యెత్తింది. కొట్టలేదు. ఎత్తిన చేత్తో అక్కడున్న బానెట్‌ను పట్టుకుని నిలబడింది.

అందరూ కళ్లజోళ్లావిడ వైపు తిరిగారు. ఆమె గూట్లోకి వంగి, స్పాంజి ముక్క ఒకటి తీసి, వేళ్లతో నొక్కి చూసింది. అది అణిగి మళ్లీ లేచింది.

"అంటే, నేను కాదా?" అని అడిగింది లాయరమ్మని.

"స్టీరింగు తిప్పింది మీరే. అది మారదు. కానీ ఆ దెబ్బకి ఆయన బతకాల్సిన మనిషి. మీలాగే చిన్న గాటుతో దిగి రావాల్సింది."

"సరేనండీ" అంది ఆమె. తీసిన ముక్కను బండి పక్కన ఉన్న డబ్బాలో వేసింది.

పోలీసులకు కబురు వెళ్లింది. వాళ్లు వచ్చే వరకు మరిది పారిపోలేదు, ఏడవనూ లేదు. వంతెన కింది ఆయన మాత్రం పని ఉందని చాలాసార్లు అన్నాడు. చిరాకు మనిషి గేటుకి అడ్డంగా ఒక పాత కారుని తోసి, దాని కింద పడుకుని పనిచేసుకున్నాడు.

*

పోలీసులు చూసి వదిలేసిన బండి తయారైందని ఫోను వచ్చిన రోజున కళ్లజోళ్లావిడ ఆఫీసుకి వచ్చింది. తండ్రి ఊరెళ్లిపోయారు. ఆడపడుచు స్టేషన్ల చుట్టూ తిరుగుతోంది, ఒక తమ్ముడి తరఫున ఫిర్యాదు, ఇంకో తమ్ముడికి అన్నం.

"నడపాలి" అంది. "పక్కన ఎవరైనా కూర్చుంటే బాగుంటుంది. ఎవరినీ అడగలేకపోతున్నాను."

లాయరమ్మ మాస్టారు వైపు చూసింది. మాస్టారుకి కార్లంటే భయం. బస్సులో కూడా కమ్మీ వదలరు. అయినా లేచి చొక్కా సర్దుకున్నారు.

షెడ్డు దగ్గర చిరాకు మనిషి తాళం తిప్పి దీపాలన్నీ చూపించాడు. బుడగ గుర్తు వెలిగింది, ఆరింది. "సీట్లు కూడా ఊడదీయాల్సి వచ్చింది. ఎక్కడున్నవి అక్కడే బిగించా, చూసుకోండి. తర్వాత నన్ను అనొద్దు" అన్నాడు.

మాస్టారు ముందు సీట్లో కూర్చున్నారు. బెల్టు పెట్టుకున్నారు. కాళ్లు చాపితే ముందుకి అందలేదు. పాదాల ముందు ఇంకా జాగా మిగిలింది. సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. పొడుగు మనిషి కూర్చున్న సీటు. ఆయన చెయ్యి కింద ఉన్న మీట మీదికి వెళ్లి, ఆగిపోయింది. ఒళ్లో పెట్టేసుకున్నారు.

ఆమె చూసింది. చాలాసేపు అలా సీటునీ, ఖాళీగా మిగిలిన ఆ కాస్త జాగానీ చూసింది.

"జరుపుకోండి మాస్టారూ" అంది.

"పర్లేదమ్మా, బాగానే ఉంది."

"జరుపుకోండి."

మాస్టారు మీట ఎత్తారు. సీటు ముందుకి కదిలి, ఠక్కుమని పడింది. ఆ చప్పుడుకి ఆమె నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది, వేలు తలుపులో నలిగినప్పుడు వచ్చేలాంటిది. స్టీరింగు మీద తల వాల్చింది. మాస్టారు ఓదార్చలేదు. ఎదురుగా షెడ్డు గేటు తెరిచే ఉంది, ఆయన దానివైపు చూస్తూ కూర్చున్నారు. చిరాకు మనిషి వచ్చి ఏదో అనబోయి, వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయాడు.